ఆ 51 నిమిషాల లెక్క: జపాన్ స్కూళ్లకు ఇంగ్లిష్ టీచర్లను పంపే ఓ కంపెనీపై నా రివ్యూ

అయిదు స్టార్లకు మూడు ఇస్తున్నాను. వీసా కాగితాలు చకచకా చేసిపెట్టినందుకు ఒకటి, ఏ నెలా జీతం ఆలస్యం చేయనందుకు ఒకటి, నన్ను పంపిన స్కూలు బాగుంది కాబట్టి ఇంకొకటి. ఆ మూడోదాంట్లో కంపెనీ గొప్పేం లేదు, అయినా ఉండనిద్దాం. పోయిన రెండూ మధ్యాహ్నం భోజనం దగ్గరే పోయాయి.

కంపెనీ పేరు రాయను. జపాన్‌లో ఇలాంటివి చిన్నా పెద్దా చాలానే ఉన్నాయి. కాంట్రాక్టులు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. పేరు కన్నా, కాంట్రాక్టులో ఏ పేజీ దగ్గర ఆగి చూడాలో తెలిస్తేనే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ముందు ఈ ఉద్యోగం సంగతి తెలియనివాళ్ల కోసం. ఇక్కడి ప్రభుత్వ స్కూళ్లలో ఇంగ్లిష్ క్లాసుకు జపనీస్ టీచరుతో పాటు ఒక విదేశీ అసిస్టెంట్ టీచర్ ఉంటారు. ఏఎల్‌టీ అంటారు. 1987లో మొదలైన జెట్ ప్రోగ్రామ్ కింద కొందరిని ప్రభుత్వమే పిలిపిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అయిదు, ఆరు తరగతుల్లో ఇంగ్లిష్ పూర్తి స్థాయి సబ్జెక్టు అయింది. ఏడాదికి 70 పీరియడ్లు. మూడు, నాలుగు తరగతులకు 35. మరి అన్ని క్లాసులకు మనుషులు కావాలి కదా. చాలా ఊళ్ల విద్యా బోర్డులు టెండర్ పిలిచి ఆ పని ప్రైవేటు కంపెనీలకు అప్పగిస్తాయి. తక్కువకు కోట్ చేసిన కంపెనీ టెండర్ గెలుచుకుంటే, ఆ తక్కువ ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. జీతం మరీ తగ్గిస్తే ఎవరూ రారు. కాబట్టి కత్తెర పని గంటల మీద పడుతుంది.

నా విషయంలో కంపెనీ బాగా చేసిన పనులు ముందు చెప్పేస్తాను. మాతృభాష ఇంగ్లిష్ కానివాళ్లను 12 ఏళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు రుజువు అడుగుతారు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లన్నీ పోగేసి, వాటి మీద 'మీడియం: ఇంగ్లిష్' అని రాయించి పంపాల్సి వచ్చింది. ఏ కాగితంలో ఏ మాట ఉండాలో కంపెనీ వాళ్లు ఓపిగ్గా చెప్పారు. వీసా మార్పు ఒక్కసారికే అయిపోయింది. ఈ ఊరికి వచ్చాక ఇల్లు చూపించారు, అద్దెకు హామీ ఉండే సంస్థతో వాళ్లే మాట్లాడారు, సిటీ ఆఫీసులో అడ్రస్ నమోదుకు మనిషిని తోడు పంపారు. ట్రైనింగ్ కూడా బాగుంది. బొమ్మల కార్డులతో ఆటలు ఆడించడం వరకే ఉంటుందనుకుని వెళ్లాను గానీ, నలభై మంది పిల్లల క్లాసులో సైగలతో సూచనలు ఎలా ఇవ్వాలో, జపనీస్ టీచర్‌తో క్లాసు ఎలా పంచుకోవాలో చేసి చూపించారు. వీటికి వంక పెట్టను.

ఇక లెక్కల్లోకి వద్దాం.

నా కాంట్రాక్టులో వారానికి పని గంటలు 29.5. ముప్పై కాదు, ఇరవై తొమ్మిదిన్నర. ఈ రంగంలో ఉన్న ఎవరిని అడిగినా ఆ అంకె చూడగానే నవ్వుతారు. ఎందుకంటే ఇక్కడ ఫుల్‌టైమ్ ఉద్యోగి వారానికి 40 గంటలు చేస్తే, అందులో నాలుగింట మూడు వంతులు, అంటే 30 గంటలు చేసే ఉద్యోగిని కంపెనీ ఆరోగ్య బీమాలో, పెన్షన్‌లో చేర్చాలి. ప్రీమియంలో సగం కంపెనీదే. అరగంట తగ్గిస్తే ఆ ఖర్చు తప్పుతుంది. ఏళ్ల తరబడి నడిచిన కిటుకు ఇది.

ప్రభుత్వం తర్వాత ఆ దారి మూసుకుంటూ వచ్చింది. 2016 అక్టోబర్‌లో పెద్ద కంపెనీలకు, 2022లో 100 మంది దాటిన వాటికి, 2024 అక్టోబర్ నుంచి 50 మంది దాటిన వాటికి కొత్త నిబంధన పెట్టింది. వారానికి కనీసం 20 గంటలు, నెలకు కనీసం 88 వేల యెన్ల జీతం ఉంటే చేర్చాల్సిందేనని అప్పుడు చెప్పింది. మా కంపెనీ ఆ పరిధిలోకి వస్తుంది కాబట్టి నాకు బీమా, పెన్షన్ రెండూ ఉన్నాయి. మరి 29.5 ఎందుకు ఉండిపోయింది? టెండర్ ధరలు ఆ గంటల మీదే కట్టి ఉన్నాయి కాబట్టి అని నా అనుమానం. పైగా ఆ అంకెలో ఇంకో లాభం కూడా ఉంది, దాన్ని ఎవరూ గమనించినట్టు లేరు. 29.5ని అయిదు రోజులతో భాగించండి. రోజుకు 5 గంటల 54 నిమిషాలు.

జపాన్ కార్మిక ప్రమాణాల చట్టంలో 34వ సెక్షన్ విరామం గురించి. పని ఆరు గంటలు దాటితే కనీసం 45 నిమిషాలు, ఎనిమిది గంటలు దాటితే కనీసం గంట విరామం ఇవ్వాలి. అదీ పని మధ్యలో ఇవ్వాలి. ముందో చివరో కలిపేసి 'ఇంటికి త్వరగా వెళ్లు' అనడం కుదరదు. ఆ సమయాన్ని ఉద్యోగి తన ఇష్టం వచ్చినట్టు వాడుకోనివ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఇప్పుడు 5 గంటల 54 నిమిషాలు చూడండి. ఆరు దాటలేదు. చట్టం ప్రకారం విరామమే ఇవ్వనక్కర్లేదు!

మా కంపెనీ అంత దూరం పోలేదు. విరామం ఇచ్చింది. ఎంతో తెలుసా? రోజుకు 96 నిమిషాలు. వినడానికి భేషుగ్గా ఉంది కదూ.

నేను స్కూల్లో ఉండాల్సిన సమయం ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4:00 వరకు. ఏడున్నర గంటలు. జీతం వచ్చేది 5 గంటల 54 నిమిషాలకు. తేడా 96 నిమిషాలు. కాంట్రాక్టులో దాన్ని రెండు ముక్కలు చేసి రాశారు. 'భోజన విరామం: 45 నిమిషాలు. ఇతర విరామం: 51 నిమిషాలు, క్లాసుల టైమ్‌టేబుల్‌ను బట్టి.' మా జూనియర్ హైస్కూల్లో (ఏడు నుంచి తొమ్మిది తరగతులు) పీరియడ్ 50 నిమిషాలు. ఖాళీ పీరియడ్ ఒకటి ఉంటుంది, దాన్ని విరామం అనుకోమంటున్నారని అర్థమైంది. మిగిలిన ఆ ఒక్క నిమిషం దేనికో ఇప్పటికీ నాకు తెలియదు. బహుశా కుర్చీలోంచి లేవడానికి కావచ్చు.

ఖాళీ పీరియడ్‌లో నేను చేసే పని ఏమిటంటే, తర్వాతి క్లాసుకు వర్క్‌షీట్లు ప్రింట్ తీయడం, రైటింగ్ నోటుబుక్కులు దిద్దడం, జపనీస్ టీచర్‌తో పాఠం మాట్లాడుకోవడం. ఇవేవీ చేయకుండా నిజంగా కాళ్లు చాపుకుని కూర్చోవచ్చా అంటే, స్టాఫ్‌రూంలో నా చుట్టూ ఉన్న ఇరవై మందీ తల ఎత్తకుండా పని చేస్తుంటారు. గేటు దాటి బయటకు వెళ్లాలంటే వైస్ ప్రిన్సిపాల్‌కు చెప్పి వెళ్లాలి. ఇష్టం వచ్చినట్టు వాడుకునే సమయం అంటే ఇదేనా?

భోజన విరామం 12:40 నుంచి 1:25. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

నాలుగో పీరియడ్ బెల్లు కొట్టగానే ఆ వారం డ్యూటీ పడ్డ పిల్లలు తెల్ల గౌన్లు, టోపీలు, మాస్కులు వేసుకుని తోపుడు బండి తీసుకొస్తారు. ఒక పెద్ద గిన్నెలో సూపు, ఒక డబ్బాలో అన్నం, ఒక ట్రేలో కూర, పక్కన 200 మిల్లీలీటర్ల పాల ప్యాకెట్లు. డెస్కులు ఆరేసి చొప్పున కలిపేస్తారు. ఎవరికి ఎంత వడ్డించాలో గరిటె పట్టుకున్న పిల్లకు కొలత తెలుసు. అందరికీ వడ్డించాక ఒకరు ముందుకొచ్చి 'ఇతదకిమాసు' అంటే అప్పుడు తినడం మొదలు. వడ్డనకే పావుగంట పోతుంది, తినడానికి మిగిలేది పదిహేను నిమిషాలు. ఏఎల్‌టీ రోజుకో క్లాసులో, వారానికో గుంపులో కూర్చోవాలి. ఆ పట్టిక సంవత్సరం మొదట్లోనే స్కూలు తయారు చేసి గోడకు అంటించింది. గురువారం తప్ప ప్రతిరోజూ నా పేరు ఉంది.

నేను పంది, గొడ్డు మాంసం తినను. నెలవారీ మెనూ ముందే ఇస్తారు, పదార్థాల జాబితా కూడా అడిగితే స్కూల్లో పోషకాహారం చూసే టీచర్ ఇచ్చారు. సగానికి పైగా రోజులు ఏదో ఒక రూపంలో పంది మాంసం ఉంటుంది, సూపులో ముక్కలుగానో, కూరలో కీమాగానో. డబ్బులు కడితే నెల మొత్తానికి కట్టాలి, నచ్చిన రోజులకే కట్టే పద్ధతి మా దగ్గర లేదు. నెలకు సుమారు అయిదు వేల యెన్లు. నేను మానేసి డబ్బా తెచ్చుకుంటున్నాను. పిల్లలకు నా డబ్బా ఒక ఆకర్షణ. రుచి చూపించకూడదు, అది రూలు. కాబట్టి వాళ్లు చూసి పేర్లు అడుగుతారు, నేను చెబుతాను. 'స్పైసీ?' 'ఎస్.' 'వెరీ స్పైసీ?' 'ఎస్.' ఇక ఆ రోజంతా కారిడార్‌లో నేను కనిపిస్తే చాలు 'వెరీ స్పైసీ!' అని అరుపులు.

క్లాసులో నోరు మెదపని ఒక అమ్మాయి ఉంది. పాలు తాగాక ప్యాకెట్‌ను విప్పి, కడిగి, చదునుగా మడిచి పెట్టాలి ఇక్కడ. నాకు ఆ మడత రావడం లేదని చూసి ఆ పిల్ల తన ప్యాకెట్ తీసుకుని నెమ్మదిగా చేసి చూపించింది. నేను ఒక్కో అడుగుకీ 'ఓపెన్... ఫోల్డ్... ప్రెస్' అంటున్నాను. మర్నాడు తనే నా దగ్గరకొచ్చి ప్యాకెట్ చేతిలో పెట్టి 'ఫోల్డ్, ప్లీజ్' అంది. పుస్తకంలోని మూడు పాఠాలు చేయలేని పని అది. అందుకే స్కూళ్లు ఏఎల్‌టీని పిల్లలతో తినమంటాయి. అడగడంలో తప్పేమీ లేదు. నాకూ ఇష్టమే. కానీ అది పాఠమే అయినప్పుడు దానికి జీతం కట్టాలి. భోజన విరామం అని రాసి, అందులో పాఠం చెప్పించుకుని, డబ్బు మాత్రం ఇవ్వకపోతే ఎలా?

1:10కి గిన్నెలు సర్దేస్తారు. మిగిలిన పావుగంటలో సెప్టెంబర్ వచ్చిందంటే స్పీచ్ కాంటెస్ట్ పిల్లలు స్టాఫ్‌రూం తలుపు దగ్గర నిలబడి ఉంటారు. వాళ్ల తప్పేముంది, ఆ సమయంలోనే వాళ్లకూ ఖాళీ.

ఇదంతా విని మా కోఆర్డినేటర్ అన్న మాట: 'పిల్లలతో తినడం మీ ఇష్టమండీ, మేము బలవంతం చేయడం లేదు.' ఆవిడ మంచి మనిషి. నాకు జ్వరం వస్తే ఆస్పత్రికి తోడు వచ్చారు. అందుకే గొంతు పెంచకుండా అడిగాను. 'మరి విద్యా బోర్డుకు మీరిచ్చిన ప్రతిపాదనలో భోజన సమయంలో విద్యార్థులతో ఇంగ్లిష్ సంభాషణ అని మీ సేవల జాబితాలో ఉంది కదండీ?' ఆ కాగితం స్కూల్లో ఇంగ్లిష్ విభాగం ఫైల్లోనే ఉంది, ఎవరూ దాచలేదు. ఫోన్‌లో అవతలి నుంచి కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, 'పైవాళ్లతో మాట్లాడి చెబుతాను' అన్నారు.

చట్టం సంగతి తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఒక కేసు చెబుతాను. 2002 ఫిబ్రవరిలో ఇక్కడి సుప్రీంకోర్టు బిల్డింగ్ నిర్వహణ సిబ్బంది వేసిన కేసులో తీర్పు ఇచ్చింది. రాత్రి డ్యూటీలో వాళ్లకు నిద్రకు కొన్ని గంటలు ఇచ్చేవారు. కానీ అలారం మోగినా, ఫోన్ వచ్చినా లేచి వెళ్లాలి. అలాంటి బాధ్యత ఉన్నప్పుడు ఆ నిద్ర సమయం కూడా పని గంటలేనని కోర్టు చెప్పింది. నిద్రే పని అయిందంటే, ముప్పై ఆరు మంది పిల్లల మధ్య కూర్చుని ప్రతి ముద్దకూ ఒక ప్రశ్నకు జవాబు చెప్పడం విశ్రాంతి ఎలా అవుతుంది?

గురువారాలది ఇంకో కథ. ఆ రోజు పొద్దున హైస్కూలు, మధ్యాహ్నం నుంచి ప్రైమరీ స్కూలు. రెంటి మధ్య కారులో పాతిక నిమిషాలు. కారు కంపెనీయే లీజుకు ఇచ్చింది. నెలనెలా జీతంలోంచి కోత, అది వేరే సంగతి. మన లైసెన్సును ఇక్కడి లైసెన్సుగా మార్పించుకోవడానికి పడ్డ పాట్లు ఇంకా వేరే సంగతి. ప్రయాణం ఎప్పుడు చేయాలని టైమ్‌టేబుల్‌లో ఉంది? 12:50 నుంచి 1:15. భోజన విరామంలోనే! పని మధ్యలో యజమాని చెప్పిన రెండో చోటికి వెళ్లే ప్రయాణం పని గంటల్లోకి రావాలి. ఇంటి నుంచి స్కూలుకు వెళ్లే ప్రయాణం లాంటిది కాదు. మా టైమ్‌షీట్‌లో మాత్రం నేను ఆ సమయంలో హాయిగా భోజనం చేస్తున్నాను. నిజానికి కన్వీనియన్స్ స్టోర్ పార్కింగ్‌లో కారు ఆపి, స్టీరింగ్ మీద పేపర్ టవల్ పరుచుకుని, ఉప్పులో ఊరబెట్టిన ఉమె పండు పెట్టిన ఒనిగిరి, అంటే అన్నం ముద్దలు, రెండు నమిలి మింగుతుంటాను. ట్యూనా మయొనీజ్ ఒనిగిరి కూడా బాగుంటుంది, కానీ చేతులకు అంటుకుని ఫ్లాష్‌కార్డులకు పాకుతుంది.

ఈ కంపెనీని మరీ చెడ్డగా చూపిస్తున్నానేమోనని పోలిక కోసం ఒక మాట. దీనికి ముందు నేను ఒక ప్రైవేటు ఇంగ్లిష్ సంభాషణ స్కూల్లో చేశాను. ఏకాయివా అంటారు ఇక్కడ. ఆఫీసు అయ్యాక వచ్చే పెద్దవాళ్లు, బడి అయ్యాక వచ్చే పిల్లలు. మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 9 వరకు. దానికి వీసా రకం కూడా వేరే, స్కూలుకు మారేటప్పుడు ఇమిగ్రేషన్‌లో స్టేటస్ మార్పించుకోవాలి. అక్కడ కాంట్రాక్టులో గంట విరామం అని గొప్పగా ఉండేది. క్లాసు క్లాసుకూ మధ్య పది నిమిషాలు చొప్పున ఆరు ముక్కలు కలిపితే గంట! విరామాన్ని ముక్కలు చేయకూడదని చట్టంలో లేదు, ఆ లొసుగు వాళ్లకు తెలుసు. కానీ ఆ పది నిమిషాల్లో వెళ్లిపోయిన విద్యార్థి ఫైల్లో ఏం నేర్పామో రాయాలి, వచ్చే విద్యార్థి ఫైలు చదవాలి, లాబీలో కూర్చున్నవాళ్లతో నవ్వుతూ మాట్లాడాలి. టాయిలెట్‌కు వెళ్లాలంటే ఫైలు రాయడం మానాలి. సాయంత్రం ఆరు దాటాక తినడమంటే ఫొటోకాపీ మెషీన్ పక్కన నిలబడి అరటిపండు. దానికి నేను ఒక్క స్టారు కూడా ఇచ్చేదాన్ని కాదు. ఇప్పటి కంపెనీ దానితో పోలిస్తే మేలే, కనీసం పిల్లల మధ్య కుర్చీలో కూర్చుని తింటున్నాను.

జపనీస్ టీచర్ల పరిస్థితి మా కన్నా బాగుంటుందని కూడా అనుకోకండి. ఓఈసీడీ 2018లో చేసిన సర్వేలో జపాన్ జూనియర్ హైస్కూల్ టీచర్ల పని వారానికి 56 గంటలని తేలింది. సర్వే చేసిన దేశాలన్నిటిలో అదే ఎక్కువ. పైగా 1971 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ స్కూల్ టీచర్లకు ఓవర్‌టైమ్ లేదు, బదులుగా జీతంలో 4 శాతం కలిపేవారు. అది మెల్లమెల్లగా 10 శాతానికి పెంచేలా 2025లో సవరించారు. నా పక్క సీటు క్లాస్ టీచర్ నాలుగు నిమిషాల్లో భోజనం ముగించి, ఒక చేత్తో పాల ప్యాకెట్, ఒక చేత్తో ఎర్ర పెన్ను పట్టుకుని డైరీలు దిద్దుతుంటారు. వాళ్లకూ 45 నిమిషాల విరామం కాగితం మీద ఉంది, పిల్లలు వెళ్లాక సాయంత్రం. ఆ సమయంలో సాధారణంగా స్టాఫ్ మీటింగ్ ఉంటుంది. అలాంటి ఆయన పక్కన కూర్చుని 'సెన్సే (మాస్టారూ), ఇది నా విరామం' అనాలంటే మొహమాటమే. కంపెనీలు ఆ మొహమాటం మీదే బతుకుతున్నాయని నాకనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది, కాంట్రాక్టు రకం. కంపెనీ టీచర్లను స్కూలుకు పంపే పద్ధతులు రెండు. హకెన్ పద్ధతిలో స్కూలు వాళ్లు మనకు నేరుగా పని చెప్పొచ్చు, విరామం సరిగ్గా ఇచ్చే బాధ్యత కూడా వాళ్ల మీద పడుతుంది. నాది రెండోది. అందులో పాఠాలు చెప్పే పనిని కంపెనీయే మొత్తంగా ఒప్పుకుంటుంది. స్కూలు వాళ్లు నాకు నేరుగా ఏ పనీ చెప్పకూడదు, అంతా కంపెనీ ద్వారా రావాలి. అంటే 'ఈరోజు మా క్లాసులో తింటారా?' అని ఎవరైనా అడిగినా సూత్రప్రకారం ఆ మాట కోఆర్డినేటర్ దాకా వెళ్లి రావాలి. గోడ మీది ఆ పట్టిక ఉండకూడదన్నమాట. ఇంటర్వ్యూలో ఇది ఏ పద్ధతి అని అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే మీకు సంగతి అర్థమైపోతుంది.

కోఆర్డినేటర్ నుంచి వారం దాకా కబురు లేదు. ఈలోగా నేను రోజూ ఏ నిమిషంలో ఏం చేశానో చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను. ఏ క్లాసులో తిన్నాను, ఎవరికి స్పీచ్ చెప్పించాను, గురువారం కారు ఎప్పుడు తీశాను. కార్మిక ప్రమాణాల తనిఖీ కార్యాలయాలకు వెళ్లేముందు ఇలాంటి రాత చేతిలో ఉండటం మంచిది. కార్మిక శాఖకు ఇంగ్లిష్‌తో సహా చాలా భాషల్లో ఫోన్ సలహా సేవ ఉంది, ఉచితం. నేను ఫోన్ చేశాను. అవతలి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నే, 'ఆ సమయంలో మీరు స్కూలు బయటకు వెళ్లి తినగలరా?' వెళ్లలేనని చెప్పాను. రెండో ప్రశ్న, 'అలా అని రాతలో ఏమైనా ఉందా?' గోడ మీది పట్టిక ఫొటో ఉందని చెప్పాను. రాకపోయిన జీతం మూడేళ్ల వరకు అడగవచ్చని కూడా ఆవిడే గుర్తు చేశారు. 2020 ఏప్రిల్‌కు ముందు అది రెండేళ్లే. ఒక్కరే అయినా చేరగలిగే యూనియన్లు కూడా ఉన్నాయి, ఒసాకాలో జనరల్ యూనియన్, టోక్యోలో తోజెన్ లాంటివి. యూనియన్ చర్చకు పిలిస్తే సరైన కారణం లేకుండా కంపెనీ కాదనకూడదు. నేను అంతవరకూ వెళ్లలేదు.

ఎందుకంటే కంపెనీ కదిలింది. స్కూలుతో మాట్లాడి కొత్త టైమ్‌టేబుల్ పంపారు. వారానికి మూడు రోజులు పిల్లలతో భోజనం, అది పని గంటల్లో లెక్క. ఆ రోజుల్లో నా విరామం 1:35 నుంచి, అయిదో పీరియడ్‌లో. అప్పుడు నాకు క్లాసు వేయరు. లైబ్రరీ వెనక చిన్న గది చూపించారు. మిగతా రెండు రోజులు భోజనం నా ఇష్టం. గురువారం ప్రయాణాన్ని కూడా పనిగా మార్చారు, బదులుగా సాయంత్రం పాతిక నిమిషాలు ముందు పంపేస్తున్నారు. ఇందుకే మూడో స్టారు మీద మనసు మార్చుకోలేదు. వెనకటి నెలల సంగతి అడిగితే మాత్రం 'పరిశీలిస్తున్నాం' అని ఒక్క లైను మెయిల్ వచ్చింది. ఆ 51 నిమిషాల 'ఇతర విరామం' చెక్కు చెదరకుండా అలాగే ఉంది.

మిగతా విషయాలు టూకీగా. జీతం నెలకు 2 లక్షల 30 వేల యెన్లు. ఆగస్టులో స్కూళ్లు మూస్తారు కాబట్టి ఆ నెల కోసేసి ఇస్తారు. కాంట్రాక్టులో ఉంటుంది, చూసుకోండి. ఆరు నెలలు నిండాక పది రోజుల పెయిడ్ లీవు వస్తుంది, అందులో అయిదు రోజులు ఎప్పుడు పెట్టాలో కంపెనీయే నిర్ణయించేసింది. పెన్షన్ విషయంలో మనకు ఒక సౌకర్యం ఉంది. భారత్, జపాన్ మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2016 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది, దాని కింద రెండు దేశాల్లో పెన్షన్ కట్టిన ఏళ్లను కలిపి లెక్కిస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు డబ్బు ఒకేసారి తీసేసుకుంటే ఇక్కడి ఏళ్లు లెక్కలోంచి పోతాయి, కాబట్టి తొందరపడి ఫారం నింపకండి.

ఈ కంపెనీలో చేరొచ్చా అంటే, జపాన్‌కు మొదటిసారి వచ్చేవాళ్లకు చేరొచ్చనే చెబుతాను. వీసా, ఇల్లు, ట్రైనింగ్ వాళ్లు చూసుకుంటారు. కుటుంబంతో వచ్చేవాళ్లకు ఆ జీతం, ఆ ఆగస్టు కోత కష్టం. సంతకం పెట్టే ముందు మాత్రం స్కూల్లో ఉండే గంటలు ఎన్ని, జీతం వచ్చే గంటలు ఎన్ని అని విడివిడిగా అడిగి, ఆ తేడాలో ప్రతి నిమిషం ఎక్కడ పడుతుందో టైమ్‌టేబుల్ మీద గుర్తు పెట్టి ఇమ్మనండి. 'స్కూలును బట్టి ఉంటుంది' అంటే, స్కూలు ఖరారయ్యాకే సంతకం పెడతానని చెప్పండి. నాతో పాటు ట్రైనింగ్‌లో ఉన్న ఒకతను అలాగే చేశాడు. అతనికి 51 నిమిషాలకు బదులు 21 నిమిషాలతో కాంట్రాక్టు వచ్చింది, రోజూ 3:30కే బయటపడుతున్నాడు.

నా కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది. పక్క ఊరి విద్యా బోర్డు కంపెనీ లేకుండా నేరుగా తీసుకునే పోస్టుకు అప్లై చేశాను. 2020లో వచ్చిన కొత్త విధానం కింద అలాంటి పోస్టులకు బోనస్ కూడా ఇస్తున్నారు. 8:15 నుంచి 4:30 వరకు, జీతం వచ్చే గంటలు ఏడున్నర, విరామం 45 నిమిషాలు. పిల్లలతో తినే రోజున విరామం ఎప్పుడో కూడా నోటిఫికేషన్‌లోనే రాశారు. ఇంటర్వ్యూ ఫిబ్రవరిలో. అది వస్తే దానికీ రివ్యూ రాస్తాను.